వేలంలో పాత వెండి రూపాయికి ఎక్కువ పెట్టకుండా కొనడం ఎలా: ఓరుగల్లు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మూడేళ్ల కిందట హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన వేలంలో ఇరవై పాత రూపాయలను 16,500కు పాడుకున్నాను. పది శాతం కమిషన్ కలిపితే 18,150 అయింది. ఆ రోజు వెండి గ్రాముకు 70 రూపాయలు. ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద ఒక్కొక్కటి తిప్పి చూస్తే, ఇరవైలో పన్నెండు 1943, 44, 45 నాటివి. అంటే వాటిలో సగమే వెండి. మిగిలిన ఎనిమిదే ఐదో జార్జి కాలపు మంచి వెండి రూపాయలు. అన్నీ కలిపి లెక్క వేస్తే ఉన్న వెండి 155 గ్రాములు, ఆనాటి ధరకు సుమారు 10,900. ఏడు వేల పైచిలుకు ఎక్కువ పెట్టాను.

సంచి మీద ‘జార్జి వెండి రూపాయలు, 20’ అని రాసి ఉంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆరో జార్జి కూడా జార్జే, సగం వెండి కూడా వెండే. చూసుకోవాల్సింది నేను. చారాణా కోడికి బారాణా మసాలా అని మన దగ్గర ఊరికే అనలేదు.

ఆ తర్వాత నుంచి ప్రతి వేలానికీ ముందు ఒకే పద్ధతి పాటిస్తున్నాను. దాని సారం ఒక్కటే: నాణెం ధర హాల్లో తేలకూడదు, మన ఇంట్లో, మన కాగితం మీద తేలాలి. హాల్లో జరగాల్సింది ఆ అంకె దగ్గర ఆగడం మాత్రమే. ఆ అంకె ఎలా వస్తుందో వరుసగా చెప్తాను.

మొదటి అడుగు: మీ ముందున్నది ఏ రూపాయి?

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను. ఉత్తర తెలంగాణలో వేలాలకు వచ్చే పాత వెండి రూపాయలు ప్రధానంగా రెండు రకాలు. నిజాం రాజ్యంలో వాటిని పెద్దవాళ్లు కల్దార్ అనీ, హాలీ సిక్కా అనీ పిలిచేవారు. కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ‘కల్’ అంటే యంత్రం, యంత్రం మీద కొట్టినది కాబట్టి ఆ పేరు. హాలీ అంటే నిజాం సొంత నాణెం.

కల్దార్ సంగతి ముందు చూద్దాం. 1835లో నాలుగో విలియం బొమ్మతో మొదలై, 1840 నుంచి విక్టోరియా, 1903 నుంచి ఏడో ఎడ్వర్డు, 1911 నుంచి ఐదో జార్జి, 1938లో ఆరో జార్జి. వీటన్నిటి బరువూ ఒకటే, 11.66 గ్రాములు. వెండి 91.7 శాతం. అంటే ఒక రూపాయిలో 10.69 గ్రాముల వెండి. వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటి కొద్దిగా ఉంటుంది.

1940లో కథ మారింది. యుద్ధకాలంలో జనం వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు, చలామణీలో నాణేలు కరువయ్యాయి. సర్కారు వెండిని సగానికి తగ్గించింది. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయి బరువు అదే 11.66 గ్రాములు, కానీ వెండి 50 శాతమే. అంటే 5.83 గ్రాములు. అదే రాజు, అదే సైజు, అదే బరువు. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. సంవత్సరం చదవాల్సిందే. అంచు కూడా చూడండి. 1940కి ముందున్నవాటికి అంచు చుట్టూ సాదా నిలువు గీతలు ఉంటాయి. తర్వాత వాటికి ఆ గీతల మధ్యలో లోపలికి దిగిన సన్నని గాడి ఉంటుంది. దొంగ నాణేలు పోసేవాళ్లను ఆపడానికి పెట్టిన గుర్తు అది. నాణేలు దొంతరగా పెట్టి ఉంటే బొమ్మ తిప్పకుండానే అంచు చూసి వేరు చేయొచ్చు. ఆ హాల్లో నేను చేయాల్సిన పని అది.

1947 రూపాయిలో వెండి అసలే లేదు. వెనక పులి బొమ్మ ఉన్న ఆ రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటుంది. వెండి సంచిలో ఇవి రెండు మూడు కలిసి రావడం మామూలే.

ఇక హాలీ. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో హిజ్రీ 1321 నుంచి, అంటే 1903-04 నుంచి, చార్మినార్ బొమ్మ రూపాయి యంత్రం మీద వచ్చింది. చార్మినార్ మధ్య దర్వాజాలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ నాణెమైతే మీమ్, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే ఐన్. ఈ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అంటే 9.14 గ్రాములు.

ఆ రోజుల్లో ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. ఏడు హాలీల్లో వెండి 64 గ్రాములు, ఆరు కల్దార్లలో కూడా 64 గ్రాములే. మన తాతలు మారకం చేసిన లెక్క వెండి లెక్కేనన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, చార్మినార్ రూపాయిని విక్టోరియా రూపాయి ధరకు ‘వెండి కోసమే’ కొనమని ఎవరన్నా చెప్పినప్పుడు మీరు ఒప్పుకోరు.

హాలీలోనూ యుద్ధకాలపు మార్పు ఉంది. హిజ్రీ 1361 నుంచి 1365 దాకా, అంటే 1942 నుంచి 46 మధ్య వచ్చిన చార్మినార్ రూపాయిలో వెండి 50 శాతమే. బరువు మారలేదు. కాబట్టి హిజ్రీ సంవత్సరం చదవడం నేర్చుకోక తప్పదు. ఒకటి నిలువు గీత. సున్నా ఒక చుక్క. ఏడు ఇంగ్లీషు వీ అక్షరంలా, ఎనిమిది దాన్ని తలకిందులు చేసినట్టు ఉంటాయి. తొమ్మిది ఇంగ్లీషు తొమ్మిదిలాగే ఉంటుంది. రెండుకు పైన ఒక వంపు, మూడుకు రెండు వంపులు. మొదటి రెండు అంకెలు ఎలాగూ 1, 3. చూడాల్సింది మూడో అంకె. అక్కడ ఆరు ఉంటే సగం వెండి. అనుమానమొస్తే ఫోన్లో ఫొటో తీసి ఉర్దూ వచ్చిన స్నేహితుడికి పంపండి. వరంగల్‌లో ఉర్దూ చదివేవాళ్లు దొరకడం కష్టం కాదు. హిజ్రీని మామూలు సంవత్సరంలోకి మార్చాలంటే 0.97తో గుణించి 622 కలపండి. 1330 అయితే 1912 వస్తుంది.

ఆఠాణా, చారాణా, రెండణాలు కూడా వస్తుంటాయి. బరువు ఆ దామాషాలోనే తగ్గుతుంది, వెండి శాతం అదే కాలపు రూపాయిని బట్టి చాలామట్టుకు లెక్కించుకోవచ్చు. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన వాటిలో రెండు గుర్తుంచుకోండి. 1969 గాంధీ పది రూపాయల నాణెం 15 గ్రాములు, వెండి 80 శాతం, అంటే 12 గ్రాములు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల నాణెం చూడ్డానికి పెద్దది, 22.5 గ్రాములు, కానీ వెండి 50 శాతమే, అంటే 11.25 గ్రాములు. పెద్ద నాణెంలో తక్కువ వెండి. వేలంలో చాలామంది పెద్దదానికే ఎక్కువ పాడతారు.

రెండో అడుగు: వెండి ధర కట్టండి

వేలం రోజు పొద్దున వెండి టోకు ధర చూడండి. నగల దుకాణంలో కొత్త వెండి నాణేనికి చెప్పే ధర కాదు. అందులో మజూరీ, లాభం కలిసి ఉంటాయి. లెక్క సులువుగా ఉండేందుకు గ్రాము 100 రూపాయలు అనుకుందాం. 1938 దాకా కల్దార్ 1,069. హాలీ 914. 1940-45 కల్దార్ 583. చివరి కాలపు హాలీ 559. అసలు ధర ఎంతున్నా దామాషా ఇదే.

తులం అనే మాట దగ్గర జాగ్రత్త. పాత కల్దార్ ఒక తులం బరువుకు కొట్టినదే, అంటే 11.66 గ్రాములు. కానీ ఇవాళ దుకాణాల్లో తులం అంటే పది గ్రాములు. ‘ఇది సరిగ్గా తులం ఉంటది సార్’ అని ఎవరన్నా అంటే, ఏ తులమో, వెండి శాతం ఎంతో రెండూ అడగండి.

ఇంకో పని చేయండి. వేలానికి ముందు వారంలో వరంగల్ చౌరస్తా వైపు రెండు మూడు దుకాణాల్లో ఒక పాత రూపాయి చూపించి, ‘అమ్మితే ఎంతిస్తారు?’ అని అడగండి. అమ్మనక్కర్లేదు. వాళ్లు చెప్పే ధర పేపర్లో ఉన్న వెండి ధర కంటే తక్కువే ఉంటుంది. రేపు మీకు డబ్బు అవసరమైతే చేతికి వచ్చేది అదే. నేను ఈ అంకెను నోటుబుక్కులో వెండి ధర పక్కనే రాసుకుంటాను. అరుగుదల కూడా కలపాలి. వందేళ్లు చేతులు మారిన విక్టోరియా రూపాయి 11.3, 11.4 తూగితే ఆశ్చర్యపోకండి. మీరు కొనేది పుస్తకంలో రాసిన బరువును కాదు, త్రాసు మీద ఉన్న బరువును.

మూడో అడుగు: వెండికి మించి ఇవ్వదగిన నాణెమా?

ఇక్కడే డబ్బు పోతుంది. పాతది కాబట్టి అరుదు అనుకుంటాం. 1862 విక్టోరియా రూపాయిని తీసుకోండి. నూట అరవై ఏళ్లు దాటిన నాణెం. కానీ 1862 అన్న అంకెతోనే 1874 దాకా కొడుతూ పోయారు, సంవత్సరం మార్చలేదు. కాబట్టి అవి కోట్లలో ఉన్నాయి. 1840 రూపాయిదీ అదే సంగతి. ‘కంపెనీ కాలంది సార్, మళ్లీ రాదు’ అని చెప్తే, వచ్చే నెల వస్తుందని మనసులో అనుకోండి. వస్తుంది.

నిజంగా అరుదైనది 1939 కల్దార్. అందుకే 1938లో చివరి ఎనిమిదిని గీకి తొమ్మిది చేసినవి తిరుగుతుంటాయి. 1939 కనిపిస్తే నిపుణుడు చూడనిదే ఒక్క రూపాయి కూడా పాడొద్దు. 1911 ఐదో జార్జి రూపాయికి ‘పంది రూపాయి’ అని పేరు. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని జనం అభ్యంతరపెడితే 1912లో బొమ్మ సవరించారు. ఒక్క ఏడాదే వచ్చింది కాబట్టి మామూలు జార్జి కంటే ఎక్కువ పలుకుతుంది. అయినా దొరకనిదేం కాదు. హాలీల్లో ఉస్మాన్ అలీ తొలి రోజుల నాణేల మీద ఐన్ అక్షరం కురచగా, తర్వాత వాటి మీద నిండుగా ఉంటుంది. సేకరించేవాళ్లు కురచదానికి ఎక్కువ ఇస్తారు. అమ్మేవాళ్లు చాలాసార్లు ఈ తేడా గమనించరు. మనకు లాభం వచ్చే చోటు ఇలాంటిదే.

మిగతాదంతా నాణెం స్థితి. విక్టోరియా బొమ్మలో చెవి మీది జుట్టు పాయలు, కిరీటంలో రాళ్లు విడివిడిగా కనిపించాలి. ఐదో జార్జి అయితే అంగీ మీది గొలుసులో ఏనుగు. చార్మినార్ అయితే మినార్ల మీది చిన్న గీతలు, దర్వాజాలో అక్షరం. ఇవి కలిసిపోయి నున్నగా ఉంటే అది వెండి ధర నాణెం, అంతే.

ఈ నాణెం ఇంతకుముందు ఎంతకు పోయిందో చూడండి. పెద్ద వేలం సంస్థలు అయిపోయిన పాటల ధరలను ఇంటర్నెట్లో ఉంచుతాయి. అమ్మకానికి పెట్టిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర. అదే రకం, అదే స్థితిలో ఉన్నవి కనీసం మూడు రాసుకుని, మధ్యలోది తీసుకోండి.

నాలుగో అడుగు: పాటకు ముందు చేత్తో పట్టుకుని చూడండి

చూడనివ్వని వేలంలో పాడొద్దు. నా సంచిలో ఎప్పుడూ ఉండేవి: 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, ఒక అయస్కాంతం, స్కేలు. సంచిలో ఇరవై నాణేలుంటే ఇరవై చూడండి. పైనున్న నాలుగు మెరిసేవి, కింద ఉన్నవి అరిగినవి కావడం ఎప్పుడూ ఉండేదే. సంవత్సరాలు రాసుకుని, 1940వి, ఆ తర్వాతివి ఎన్నో పక్కన గీతలు పెట్టుకోండి.

పన్నెండు గంటల దిక్కున, అంటే రాజు తలపైన అంచు దగ్గర, వేలితో తడిమి చూడండి. మన ఊళ్లలో రూపాయలకు కొక్కెం అతికించి దండలు వేసుకునేవారు. లంబాడీ ఆడవాళ్ల నగల్లో ఇప్పటికీ చూస్తాం. ఆ కొక్కెం తీసేసి ఆకురాయితో నున్నగా రాసినవి వేలాలకు వస్తాయి. భూతద్దంలో ఆ ఒక్కచోట అంచు గీతలు మాయమై ఉంటాయి, రంగు కొద్దిగా వేరుగా ఉంటుంది. అలాంటిది వెండి ధరకే. షరాబులు స్వచ్ఛత చూడ్డానికి పెట్టిన ఉలి గాట్లున్నా అంతే.

తెల్లగా తళతళలాడే పాత నాణెం కనిపిస్తే సంతోషించకండి. ప్రతి దీపావళికీ లక్ష్మీపూజ ముందు చింతపండుతో తోమిన రూపాయి అది. భూతద్దం కింద ఒకే దిక్కుకు పోయే సన్నటి గీతలు కనిపిస్తాయి, అక్షరాల మూలల్లో మాత్రం నల్లటి మురికి మిగిలి ఉంటుంది. తోమని నాణెం మీద బూడిద రంగో నీలి నలుపో సమంగా పరుచుకుని ఉంటుంది. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది ఈ రెండోదానికే.

ఐదో అడుగు: దొంగ నాణెం పట్టుకోవడం

అయస్కాంతం మొదటి జల్లెడ మాత్రమే. జర్మన్ సిల్వర్, అంటే రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం, అయస్కాంతానికి అతుక్కోదు. అసలు పరీక్ష నీళ్లతో.

మాకు తెలిసిన అవుసలాయన ఒకసారి నా చేత చేయించాడు. ‘గీటురాయి మీద గీస్తే నాణెం పాడైతది తమ్మీ, గ్లాసుడు నీళ్లు తే’ అన్నాడు. త్రాసు మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేశాడు. రూపాయికి సన్నటి దారం కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో వేలాడదీశాడు. త్రాసు 1.13 చూపింది. నాణెం బరువు 11.66. ‘భాగించు’ అన్నాడు. 10.3 వచ్చింది. 91.7 శాతం వెండికి రావాల్సింది అదే. తర్వాత ఇంకో రూపాయి వేలాడదీశాడు. బరువు సరిగ్గా 11.66 ఉంది, నీళ్లలో మాత్రం 1.34 చూపింది. భాగిస్తే 8.7. అది జర్మన్ సిల్వర్. బరువు కలవడానికి కొద్దిగా మందంగా పోశారు, కంటికి తెలియలేదు.

అంకెలు గుర్తుంచుకోండి. 1938 దాకా కల్దార్‌కు 10.3, పాత హాలీకి 10.1 లేదా 10.2, సగం వెండి రూపాయికి 9.5 దగ్గర రావాలి. దారం తగిలినా గాలి బుడగ పట్టినా కొద్దిగా అటూఇటూ అవుతుంది, రెండుసార్లు చేయండి. వేలం హాల్లో ఇది కుదరకపోవచ్చు. కానీ కొన్న రోజే ఇంట్లో చేసుకోవచ్చు, అందుకే వాపసు షరతు ముందే అడగాలి. ఖరీదైన నాణెమైతే నగల దుకాణాల్లో ఉండే ప్యూరిటీ మెషీన్ మీద పెట్టించండి, గీటు పడకుండా శాతం చెప్తుంది. పైపూత ఉన్నవాటి దగ్గర మెషీన్ ఒక్కదాన్నే నమ్మకుండా నీళ్ల లెక్క కూడా చూడండి.

విక్టోరియా బొమ్మతో దుకాణాల్లో కొత్తగా చేసే పూజ బిళ్లలున్నాయి. ధనత్రయోదశికి కొని ఇరవై ఏళ్లు దేవుడి గదిలో ఉంచితే పసుపు, కుంకుమ పట్టి పాతదానిలా కనిపిస్తుంది. బరువు సరిగ్గా పది గ్రాములో ఇరవై గ్రాములో ఉంటే అనుమానించండి. ఈస్టిండియా కంపెనీ పేరుతో 1616, 1717, 1818 అని రాసి రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న బిళ్లలు ఏనాడూ నాణేలు కావు. గుళ్ల దగ్గర అమ్మిన టోకెన్లు. భక్తితో ఇంట్లో పెట్టుకోండి, డబ్బు పెట్టి పాడకండి. బియ్యం గింజలను లాగుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ నాణెం అయితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది పచ్చి మోసం.

మన ప్రాంతంలో ఇంకో కథ వినిపిస్తుంది. ‘కోటిలింగాల గుట్ట దగ్గర దొరికింది, శాతవాహనులది.’ కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికిన మాట నిజమే. తొలి శాతవాహన రాజు సిముకుడి పేరున్న నాణేలతోనే ఆ ఊరికి చరిత్రలో పేరొచ్చింది. ఆ పేరు అడ్డం పెట్టుకుని అచ్చుల్లో పోసిన బిళ్లలు తిరుగుతాయి. అవి దొంగవైతే డబ్బు దండగ, నిజమైతే ఇంకా పెద్ద చిక్కు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన నిధి గురించి 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. రెండు విధాలా మనకు వద్దు.

ఆరో అడుగు: మీ ఆఖరి అంకె

ఇప్పుడు కాగితం తీయండి. వెండి ధర ఉంది, సేకరణ ధర ఉంది. మామూలు నాణెమైతే వెండి ధరకు పైన కొద్దిగా, నచ్చింది కాబట్టి ఎంత ఇవ్వగలరో అంత. మంచి నాణెమైతే మూడు పాత పాటల్లో మధ్య ధర. ఇది మీ జేబులోంచి పోయే మొత్తం. పాడే అంకె ఇది కాదు.

కమిషన్ పది శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం అనుకుంటే, పాట మీద 11.8 శాతం అదనం. మీ మొత్తం 10,000 అయితే దాన్ని 1.118తో భాగించండి. 8,945 వస్తుంది. మీరు పాడే ఆఖరి మాట 8,900. శాతాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ముందే అడిగి రాసుకోండి. అడిగితే చిన్నతనం ఏమీ లేదు.

సంచి లాట్, అంటే ఒకే పాటలో అమ్మే నాణేల గుంపు అయితే, ఒక్కో నాణేనికి విడివిడిగా ధర వేసి కూడండి. దొంగదో నికెల్‌దో ఉంటే సున్నా వేయండి. సంచిలో ఒక్క మంచి నాణెం కోసం మిగతా చెత్తకు వెండి ధర కట్టడం నేను చాలాసార్లు చూశాను.

ఏడో అడుగు: పాటలో

లడ్డూ వేలం చూస్తూ పెరిగిన వాళ్లం మనం. వినాయకుడి లడ్డూకు ఎంత పాడితే అంత గౌరవం, ఆ డబ్బు గుడికో ఊరి పనికో పోతుంది. ఆ అలవాటు నాణేల హాల్లోకి కూడా మనతో వస్తుంది. ఎదురుగా తెలిసినవాడు పాడుతుంటే తగ్గితే పరువు పోయినట్టు అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ఆ అదనపు డబ్బు అమ్మేవాడి జేబులోకి పోతుంది.

వెనక వరుసలో కూర్చోండి. ఎవరు పాడుతున్నారో కనిపిస్తుంది. సర్కారు పాట ఎక్కువగా మొదలైతే మొదటి నిమిషం నోరు తెరవకండి. ఎవరూ పాడకపోతే చాలాసార్లు తగ్గిస్తారు. కాగితం చేతిలో పట్టుకోండి, జేబులో కాదు. మీ అంకె దాటిన క్షణం కాగితాన్ని మడిచి లోపల పెట్టండి. ‘ఒకటోసారి, రెండోసారి’ అన్నప్పుడు వచ్చే టెన్షన్‌లోనే ఇంకో ఐదొందలు నోటి నుంచి జారుతాయి. అందుకే చేతికి ఏదో పని ఉండాలి.

ఒక మనిషి ప్రతి లాట్‌నూ కొంత దూరం ఎక్కించి ఆగిపోతుంటే గమనించండి. వాడు గెలిచిన లాట్లకు కౌంటర్ దగ్గర డబ్బు కట్టడం కనిపించకపోతే, అదే లాట్ తర్వాతి వేలంలో మళ్లీ వస్తే, అమ్మేవాడి మనిషేనని నా అంచనా. నిరూపించలేం, గొడవ పడొద్దు. ఆ హాలుకు వెళ్లడం మానేస్తే చాలు. ఫోన్ గ్రూపుల్లో జరిగే వేలాల్లో ఇది ఇంకా సులువు, ఎవరి వెనక ఎవరున్నారో తెలియదు. అక్కడ బరువు చూపుతూ తీసిన వీడియో లేనిదే నేను పాడను. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఫీజు అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. పాత నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

ఎనిమిదో అడుగు: బిల్లు

బిల్లు మీద నాణెం రకం, సంవత్సరం, బరువు, దొంగదని తేలితే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో రాయించుకోండి. ‘పాత నాణేలు’ అని మాత్రమే రాస్తే అది బిల్లే కాదు. ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి గ్రేడింగ్ ఉన్న నాణెమైతే, దాని మీది నంబరును ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థల సైట్లలో కొట్టి ఫొటో పోల్చండి. డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి.

వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు గుర్తుగా 1907 ఎడ్వర్డు రూపాయి సూట్‌కేసులో పెట్టి పంపాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. పంపకండి.

తొమ్మిదో అడుగు: ఇంటికొచ్చాక

తోమొద్దు. చింతపండు వద్దు, పేస్టు వద్దు, నిమ్మకాయ వద్దు. దుమ్ముంటే మామూలు నీళ్లలో ముంచి మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది. గట్టి అట్ట హోల్డర్లే మేలు.

హోల్డర్ మీద పెన్సిల్‌తో నాలుగు విషయాలు రాస్తాను: సంవత్సరం, బరువు, కొన్న ధర కమిషన్‌తో సహా, ఆ రోజు వెండి ధర. ఆ ఫంక్షన్ హాల్లో కొన్న ఇరవై ఇప్పుడు రెండు కవర్లలో ఉన్నాయి, ఎనిమిది ఒకదాంట్లో, పన్నెండు ఇంకోదాంట్లో. రెండో కవరు మీద ‘1943-45, సగం వెండి’ అని రాసి, కింద 18,150 అన్న అంకెను అలాగే ఉంచాను. వేలానికి బయల్దేరేముందు త్రాసు తీయడానికి ఆ డ్రాయర్ తెరిస్తే మొదట కనిపించేది అదే.